ఎస్‌ఏటీ స్కోర్లలో ఏది పంపాలి: సమస్య - పరిష్కారం

అమెరికాలో బ్యాచిలర్స్‌కి అప్లై చేసే పిల్లలున్న ఇంట్లో, అది హైదరాబాద్ అయినా డల్లాస్ అయినా, అక్టోబర్ వచ్చేసరికి ఇదే టెన్షన్. అందరూ ఎస్‌ఏటీ (అమెరికా కాలేజీల అడ్మిషన్‌కి రాసే పరీక్ష) స్కోరు పట్టుకుని కూర్చుంటారు గానీ ముందు చూడాల్సింది ఆ కాలేజీ రూలు.

సమస్య: ఒకసారి మ్యాథ్ బాగా వచ్చింది, ఇంకోసారి ఇంగ్లిష్

మార్చిలో రీడింగ్ అండ్ రైటింగ్ 640, మ్యాథ్ 770, మొత్తం 1410 అనుకుందాం. ఆగస్టులో 720, 730, మొత్తం 1450. టోటల్ ఎక్కువ ఉంది కదా అని ఆగస్టుది ఒక్కటే పంపేస్తారు, నష్టం జరిగేది అక్కడే. చాలా కాలేజీలు సూపర్‌స్కోర్ చేస్తాయి, అంటే ఏ తేదీన రాసినా సరే ఒక్కో సెక్షన్‌లో ఎక్కువ వచ్చినదే తీసుకుంటాయి. రెండు తేదీలూ పంపితే 720, 770 కలిసి 1490 అవుతుంది. ఆ 640 వాళ్ల కంట పడుతుందని భయపడి 40 పాయింట్లు వదులుకోకండి. మార్చి మ్యాథ్ ఒక్కటే పంపుదామంటే కుదరదు, స్కోర్ ఛాయిస్‌లో, అంటే ఏ స్కోర్లు పంపాలో మనమే ఎంచుకునే వీలులో, ఎంచుకునేది తేదీనే, సెక్షన్‌ని కాదు. జార్జ్‌టౌన్ యూనివర్సిటీ లాంటి చోట అదీ చెల్లదు, రాసినవన్నీ అడుగుతూ వచ్చారు.

సమస్య: టెస్ట్ ఆప్షనల్ (స్కోరు పంపడం మన ఇష్టం) కాలేజీ, మన స్కోరేమో కాస్త తక్కువ

ఆ కాలేజీ కామన్ డేటా సెట్‌లో, అంటే కాలేజీ బయటపెట్టే అడ్మిషన్ల లెక్కల్లో, సీ9 అనే భాగం తెరవండి. 25, 50, 75 పర్సెంటైల్ స్కోర్లు ఉంటాయి. అవి స్కోరు పంపి చేరినవాళ్లవి మాత్రమే, తక్కువ వచ్చినవాళ్లు పంపరు కాబట్టి అంకెలు పైకి లేస్తాయి. మీ స్కోరు అక్కడి 50 పర్సెంటైల్ స్కోరు దాటితే పంపండి, 25 పర్సెంటైల్ స్కోరు కంటే కిందుంటే ఆపేయండి. మధ్యలో ఉండి, ఇంజినీరింగ్‌కి వెళ్తూ మ్యాథ్ 780 ఉంటే నేనైతే పంపమనే చెబుతాను. ఇండియాలో చదివిన పిల్లలైతే మరీను, మీ స్కూలు పేరు అక్కడ ఎవరికీ తెలియనప్పుడు వాళ్లకు తెలిసిన కొలత ఆ స్కోరే.

సమస్య: సీనియర్లు ఆప్షనల్ అన్నారు, కాలేజీ అడుగుతోంది

కోవిడ్ నాటి సడలింపు చాలాచోట్ల పోయింది. ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్, హార్వర్డ్, కాల్‌టెక్ 2024లో స్కోరు మళ్లీ తప్పనిసరి అని ప్రకటించాయి. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ లాంటి యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లు మాత్రం అడ్మిషన్‌కి స్కోరు అసలు చూడవు.

సమస్య: స్కోరు రాకముందే కాలేజీకి వెళ్లిపోయింది

పరీక్ష అయ్యాక తొమ్మిది రోజుల్లోపు నాలుగు రిపోర్టులు ఫ్రీ అనేసరికి తొందరపడి కాలేజీల పేర్లు ఇచ్చేస్తారు. ఫ్రీ పోయినా ఫర్వాలేదు, స్కోరు చూసుకున్నాకే పంపండి. పైగా చాలా కాలేజీలకు అప్లికేషన్‌లో మీరే స్కోరు నింపితే చాలు, అఫీషియల్ రిపోర్ట్ సీటు వచ్చి చేరేటప్పుడే అడుగుతారు.