కాలనీ విత్తనాల డబ్బా ఏటా ఆగకుండా నడవాలంటే

మిద్దెతోట బృందం కాలనీకి చేసే సేవల్లో విత్తనాల పంపిణీకే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇచ్చిన నారు ఎండితే వారంలో తెలుస్తుంది, ఇంకోటి ఇవ్వొచ్చు. విత్తనం తేడాదైతే కాయ కాసేదాకా తెలియదు. అప్పటికి సీజన్ పోయి ఉంటుంది.

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తెకు పొట్లాలు పంచాలంటే పని ముందు ఏడు నాటేటప్పుడే మొదలవ్వాలి. ఏ ఇంట్లో ఏ రకం విత్తనానికి వదలాలో అప్పుడే పంచుకోండి. హైబ్రిడ్ మొక్క విత్తనం డబ్బాలోకి రానివ్వొద్దు, తల్లిలాంటి కాయలు రావు. టమాటాలో అర్క వికాస్ విత్తనం దాచుకోవచ్చు, అర్క రక్షక్ హైబ్రిడ్ కనుక వద్దు. మచ్చ పడి కుళ్లిన మిరపకాయ గింజా తీసుకోవద్దు, ఆ తెగులు విత్తనంతోనే వస్తుంది.

తీగజాతులతోనే అసలు చిక్కు. పప్పు దోస, కర్బూజా ఒకే జాతి, తేనెటీగలు రెంటినీ కలిపేస్తాయి. బీర, సొర కూడా పక్క మిద్దె మీది వేరే రకంతో కలుస్తాయి. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది కనుక నాలుగు గంటలకల్లా ఆ రోజు విచ్చే మగ మొగ్గలు రెండు, ఆడ మొగ్గ ఒకటి చూసుకుని కొసలు దారంతో వదులుగా కట్టండి. ఆడ మొగ్గ కింద వేలెడంత పిందె ఉంటుంది. ఆరున్నరకు దారం విప్పి, మగపువ్వు రేకులు తుంచి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. ఆడపువ్వును మళ్లీ కట్టేసి, కాడకు ఎర్ర దారం చుట్టండి. ఇంట్లోవాళ్లు కూరకు కోయకుండా ఆ ఎర్ర దారమే కాపలా. కాయ గోధుమరంగుకు తిరిగి, ఊపితే గలగలమనేదాకా తీగ మీదే ఉంచాలి.

సొర, దోసల్లో ఒక్కమాట మరవద్దు. విత్తనానికి వదిలిన తీగ లేతకాయ చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేయండి. ఆ తీగ కాయలు తినొద్దు, విత్తనం పంచొద్దు. చేదు సొరకాయ మనిషిని ఆసుపత్రి పాలు చేయగలదు.

టమాటా గింజ చుట్టూ ఉండే జిగురు మొలకను ఆపుతుంది. బాగా పండిన కాయ గుజ్జును గాజు గ్లాసులో వేసి, కాస్త నీళ్లు పోసి, పైన గుడ్డ కప్పండి. ఎండాకాలం ఒక రోజు, చలికాలం రెండు మూడు రోజులు చాలు. అంతకు మించితే గింజ గ్లాసులోనే మొలకెత్తుతుంది. కడిగితే గట్టి గింజలు అడుక్కి దిగుతాయి, తాలు తేలుతుంది. వంకాయను మాత్రం మొక్క మీదే పసుపుపచ్చగా ముదరనివ్వాలి. కూరకు కోసిన కాయలో గింజ పనికిరాదు.

ఆరబెట్టడం నీడలోనే, పళ్లెంలో పలచగా, వారం పది రోజులు. కాగితం మీద పోస్తే టమాటా గింజ అతుక్కుపోతుంది. సొర గింజ వంచితే ఫట్‌మని విరగాలి. వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే, ఆ తడితో మూత పెడితే బూజు పడుతుంది. చిక్కుడు, అలసంద గింజల్లో పుచ్చు పురుగు గుడ్లు ముందే ఉంటాయి. బాగా ఎండాక గాలి చొరని సీసాలో వేసి వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. బయటకు తీశాక సీసా బయటి వేడికి వచ్చేదాకా, అంటే ఒక పూట, మూత తీయకండి. వెంటనే తీస్తే చల్లటి గింజల మీద చెమ్మ పడుతుంది.

మే మొదటి వారంలో ప్రతి రకం నుంచీ ఇరవై గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. వంగ, మిరపకు పది పన్నెండు రోజులు ఆగాలి. పదహారు, ఆపైన మొలిస్తే మంచి విత్తనం. పది నుంచి పదిహేను అయితే పొట్లంలో రెట్టింపు గింజలు వేయండి. పదికి తక్కువైతే పంచకండి. ఉల్లి గింజ ఏడాది దాటితే నమ్మొద్దు. టమాటా నాలుగేళ్లదాకా బాగానే ఉంటుంది.

పొట్లానికి తీగజాతి గింజలు ఎనిమిది, టమాటా, వంగ ముప్పై చాలు. పైన రకం పేరు, తీసిన నెల, ఏడాది, ఏ వీధి మిద్దె మీదిదో రాయాలి. పేరు లేని పొట్లం ఎంత మంచిదైనా డబ్బాలో పెట్టొద్దు.

జహీరాబాద్ వైపు డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ) మహిళా సంఘాల్లో విత్తనం తీసుకున్నవారు పంట చేతికొచ్చాక అంతకన్నా ఎక్కువే తిరిగి ఇస్తారు. కాలనీకీ అదే పద్ధతి పెట్టండి: ఒక పొట్లం తీసుకుంటే రెండు తిరిగి ఇవ్వాలి. ఇవ్వలేకపోయినవారిని తప్పుపట్టకుండా, ఎందుకు కాయలేదో రిజిస్టర్‌లో రాయించండి: మొలవలేదా, కోతులు తిన్నాయా, పూత రాలిందా. వచ్చే ఏడు ఏ మిద్దె మీద ఏ రకం విత్తనానికి వదలాలో ఆ రాత చూసే తేల్చుకోవచ్చు.