స్టేషన్‌కి రమ్మని ఫోనొస్తే

మొన్న మా తమ్ముడి బండి రోడ్డు దాటుతున్న ఒక పెద్దాయనకి తగిలింది, సాయంత్రానికి స్టేషన్ నుంచి ఫోను, వచ్చెళ్ళు బాబూ అని, వాడికి చేతులు వణికిపోయాయి పాపం. ఇలాంటప్పుడు ముందు అడగాల్సింది కేసు రాశారా, ఏ సెక్షన్లు అని. ఎఫ్‌ఐఆర్ అయితే మామూలుగా పోలీసు వెబ్‌సైట్లోనే దొరుకుతుంది, డౌన్‌లోడ్ చేసుకోండి. నిర్లక్ష్యంగా బండి నడిపారని పెట్టే బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ బదులు వచ్చిన నేరాల చట్టం) సెక్షన్ 281కి జైలు శిక్ష 6 నెలల వరకే. 7 ఏళ్ళ లోపు శిక్షున్న కేసుల్లో సాధారణంగా అరెస్టు చెయ్యకుండా బీఎన్‌ఎస్‌ఎస్ (పోలీసులు, కోర్టులు కేసు ఎలా నడపాలో చెప్పే చట్టం) 35(3) కింద విచారణకి రమ్మని నోటీసిస్తారు, పాత సీఆర్‌పీసీలో 41ఏ అన్నమాట. అది కాగితం మీద తీసుకోండి, వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసొచ్చాక మాత్రం ఆ తేదీకి తప్పకుండా వెళ్ళండి, వెళ్తుంటే కారణాలు రాయకుండా అరెస్టు చెయ్యకూడదు, ఎగ్గొడితే మాత్రం ఆ రక్షణ పోతుంది. మావాడు సంతకం పెట్టబోయిన కాగితంలో సగం ఖాళీగా ఉంది, లాయరు గారు చూసి ఆపారు కాబట్టి సరిపోయింది, మీరు అస్సలు పెట్టకండి. లాయరు ఫీజుకి డబ్బుల్లేకపోతే జిల్లా కోర్టులోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.