తుపాను నెలలకు ముందే పాత లాప్‌టాప్ డిస్కు చూసుకోండి

అక్టోబరు దగ్గరపడితే విశాఖ వాళ్లకి 2014 అక్టోబరు 12 గుర్తుకు రాక మానదు. హుద్‌హుద్ పోయాక రోజుల తరబడి కరెంటు లేదు. అప్పటినుంచి తుపాను అనగానే కొవ్వొత్తులు, తాగునీళ్లు, పవర్‌బ్యాంకులు సర్దుకుంటున్నాం. బ్యాటరీ చచ్చిపోయి ఛార్జర్ మీదే నడుస్తున్న పాత లాప్‌టాప్ సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

కరెంటు పోగానే అది ఠక్కున ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే హార్డ్ డిస్కు ఏదైనా రాస్తూ ఉంటే ఆ సెక్టార్, అంటే డేటా రాసుకునే చిన్న గడి, సగంలో ఆగి, తర్వాత చదవడానికి రాదు. ఇలాంటి బ్యాడ్ సెక్టార్ మీద మళ్లీ రాస్తే చాలాసార్లు బాగుపడుతుంది. డేటా ఉండే లోపలి పళ్లెమే పాడైతే అలా కుదరదు. డిస్కు ఆ చోటు వదిలేసి, విడిగా దాచుకున్న స్పేర్ సెక్టార్‌ని వాడుకుంటుంది. ఆ స్పేర్లు ఎన్నో ఉండవు.

డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, వేసి చూడండి. దాంట్లో కనబడే వరసల్లో 05 అంటే ఇప్పటికే మార్చేసిన సెక్టార్లు, సి5 అంటే అనుమానంలో ఉన్నవి, సి6 అంటే చదవలేకపోయినవి. వారం తర్వాత మళ్లీ చూసి, అంకెలు పెరిగితే ఇక ఆ డిస్కు మీద ఆశ పెట్టుకోకండి. పెరగకపోయినా కాపీ తీయడం మానకండి.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో, అమ్మాయి చిన్నప్పటి ఫొటోలున్న డిస్కుకి చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ (విండోస్‌లో డిస్కు రిపేరు చేసే కమాండ్, chkdsk /r) పెట్టి పడుకున్నా. అది ఒక్కో సెక్టార్‌నీ చదివిస్తుంది, చదవలేని చోట మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. నీరసించిన డిస్కు ఆ పని తట్టుకోలేదు. తెల్లారేసరికి డ్రైవే కనబడలేదు. అందుకే ముందు కాపీ, రిపేరు సంగతి తర్వాత.

కాపీలో ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్లు, షాపు ఉంటే ట్యాలీ లెక్కల బ్యాకప్ ముందు. సినిమాలు చివర, అసలు తీయకపోయినా పర్లేదు. ఏదైనా ఫైలు దగ్గర మొరాయిస్తే దాన్ని వదిలేసి తర్వాతదానికి వెళ్లండి. లినక్స్ అలవాటుంటే, పాడైన డిస్కు నుంచి కాపీ తీసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ మేలు. బాగున్న చోట్లు ముందు లాగేసి, మొండి చోట్ల జోలికి తర్వాత వెళ్తుంది. ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైలు పెట్టడం మరిచిపోకండి, మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటునుంచే మొదలవుతుంది. కాపీ వెళ్లే డ్రైవ్ పాతదానికంటే చిన్నది కాకూడదు.

టక్ టక్ మని శబ్దం వస్తే మాత్రం వెంటనే ఆపేయండి, డేటా రికవరీ వాళ్లకే ఇవ్వండి. డిస్కుని ఫ్రిజ్‌లో పెట్టమనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. మన ఊరి ఉక్కపోతలో బయటకు తీయగానే చెమ్మ పడుతుంది.

కాపీ అయ్యాక లాప్‌టాప్‌లో పాత డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేని డ్రైవ్) వేయించుకోండి. రెండో కాపీని క్లౌడ్‌లోనో, వేరే ఊళ్లో ఉన్న చుట్టాల దగ్గరో పెట్టండి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు లాప్‌టాప్‌ని స్లీప్‌లో వదిలేయకుండా షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకేసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి కిటికీలకు దూరంగా బీరువాలో పెట్టేయండి.