పండగ చేసుకుంటూనే పండగ సరుకు అమ్మడం ఎలా? ఒక పేగన్ వంటింటి పద్ధతి

మా పక్కింటివాళ్లు పేగన్లు, అంటే ప్రకృతిని కొలిచేవాళ్లు. మేముండేది ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీలో కాబట్టి ఇక్కడ అదేం వింత కాదు. హై స్ట్రీట్‌లో నడిస్తే మామూలు షాపుల మధ్యే మంత్రదండాలు, మూలికలు, స్ఫటికాలు అమ్మే షాపులు కనిపిస్తాయి. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 74,000 మంది తమ మతం ‘పేగన్’ అనీ, ఇంకో 13,000 మంది ‘విక్కా’ (పేగన్లలోనే మంత్రవిద్యను ఆచరించే ఒక శాఖ) అనీ రాయించుకున్నారు. పేగన్ అన్న మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం పల్లెటూరివాడు. నేల, ఎండ, చంద్రుడు, పంట, పోయిన పెద్దలు... వీళ్ల పూజంతా వీటి చుట్టూనే. మనకు అర్థం కానిదేమీ లేదు.

పక్కింటావిడ తేనెమైనంతో కొవ్వొత్తులు చేసి అమ్ముతుంది. ఆయనది బయట ఉద్యోగం. పదకొండేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి. రెండేళ్లుగా శనివారాలు నేను వాళ్ల వంటింట్లో ఓ చెయ్యి వేస్తున్నాను. ఈ వ్యాపారంలో తిరకాసు ఒక్కటే. సరుకు పోయేది వీళ్ల పండగలకే. ఊళ్లో వాళ్లంతా పండగ చేసుకుంటుంటే ఈ ఇంట్లో ప్యాకింగ్ టేపు చప్పుడు. దీపావళికి ప్రమిదలు చేసే ఇళ్లు, చవితికి విగ్రహాలు చేసే ఇళ్లు చూసినవాళ్లకు ఈ బాధ తెలుసు. మొదటి మూడేళ్లు ఆవిడ ఒక్క పండగా సరిగ్గా చేసుకోలేదట. తర్వాత ఒక పద్ధతి పెట్టుకుంది. మీరు అమ్మేది పిండివంటలైనా, గోరింటాకు కోన్లైనా ఈ పద్ధతి చాలావరకు పనికొస్తుంది.

1. క్యాలెండర్ వెనక నుంచి రాయండి

వీళ్లకు ఏడాదికి ఎనిమిది పండగలు. అక్టోబర్ 31న సావిన్, డిసెంబర్ 21 ప్రాంతంలో యూల్, ఫిబ్రవరి మొదట్లో ఇంబోల్క్, మార్చి 20 దగ్గర ఓస్టారా, మే 1న బెల్టేన్, జూన్ 21 దగ్గర లీథా, ఆగస్టు 1న లామస్, సెప్టెంబర్ 22 దగ్గర మేబన్. ఒక్కొక్కదాని వెనక ఎంతో కొంత పాత ఆచారం ఉన్నా, ఎనిమిదింటినీ ఒక చక్రంగా కూర్చింది మాత్రం 20వ శతాబ్దం మధ్యలో. ఓస్టారా, మేబన్ లాంటి పేర్లు వాడుకలోకి వచ్చింది 1970లలోనే. “మా పురాతన ఆచారాల్లో కొన్ని మా అమ్మకంటే చిన్నవి” అని ఆవిడే నవ్వుతుంది.

ఫ్రిజ్ పక్కన గోడకు పెద్ద కాగితం అంటించి ఉంటుంది. ప్రతి పండగ దగ్గర నుంచి వెనక్కి మూడు గీతలు. ఎనిమిది వారాల ముందు ఆకుపచ్చ గీత, అంటే తయారీ మొదలు. పది రోజుల ముందు ఎర్ర గీత, ఆర్డర్లు బంద్. పండగకు ముందురోజు, పండగ రోజు, మర్నాడు కలిపి నల్ల పట్టీ. ఆ మూడు రోజులూ ఫోన్ ముట్టరు. సావిన్‌కు అక్టోబర్ 21న తలుపు మూస్తే మళ్లీ తెరిచేది నవంబర్ 2న. యూల్‌కు మాత్రం క్రిస్మస్ పార్సిళ్లతో పోస్టు కిక్కిరిసి ఉంటుంది కాబట్టి డిసెంబర్ 8కే మూసేస్తారు.

ఎర్ర గీత తర్వాత ఎంత బతిమాలినా ఆర్డర్ తీసుకోకూడదు. ఇదే కష్టం. ‘పాత కస్టమర్ కదా’ అని ఒకరికి ఒప్పుకుంటే ఆ రాత్రి నిద్ర పాడైనట్టే. ఆవిడ దగ్గర మూడు వాక్యాల మెసేజ్ ఒకటి రాసిపెట్టి ఉంది. క్షమించమని, ఫలానా తేదీ తర్వాత పంపగలనని, దగ్గర్లో ఇంకెక్కడ దొరుకుతాయో చెబుతుంది. అప్పటికప్పుడు రాయాల్సి వస్తే మెత్తబడిపోతాను, అందుకే ముందే రాసుకున్నాను అంటుంది.

ఇంకో కిటుకు. భూమికి అవతలి సగంలో ఋతువులు తిరగబడతాయి కదా, ఆస్ట్రేలియా పేగన్లలో చాలామంది యూల్ జూన్‌లో చేసుకుంటారు. ఇక్కడ బేరాలు పలచబడే వేసవిలో అక్కడి నుంచి చలికాలపు ఆర్డర్లు వస్తాయి. మీ సరుక్కీ ఇలాంటి ‘అవతలి సగం’ ఉందేమో వెతకండి. అమెరికాలోని మనవాళ్ల బతుకమ్మ, సంక్రాంతి సందడి అసలు తేదీన కాకుండా తర్వాతి వీకెండ్‌లో ఉంటుంది. ఆ నాలుగు రోజుల తేడా కూడా అమ్మేవాళ్లకు ఊపిరే.

2. వంటింటిని పంచండి

వంటిల్లు ఒక్కటే. అందులోనే నలుగురి తిండి, మైనం, కిటికీ గట్టు మీద పూజాపీఠం. పీఠమంటే పెద్దదేం కాదు. ఒక రాయి, నీళ్ల గిన్నె, ఆ ఋతువులో దొరికే కొమ్మో కాయో, ఒక కొవ్వొత్తి. ఆ గట్టు మీద పార్సిల్ గానీ బిల్లు గానీ పెట్టకూడదని ఇంట్లో గట్టి నియమం. మిగతా వంటిల్లంతా మైనం మయమైనా ఆ రెండు జానల చోటు మాత్రం ఖాళీ.

మైనం గిన్నెలు, గరిటెలు, వడకట్టే గుడ్డ వేరే డబ్బాలో ఉంటాయి, కూరకు వాడరు. పని రాత్రి ఎనిమిదిన్నరకు మొదలవుతుంది, చిన్నవాడు పడుకున్నాక. పదకొండుకు స్టవ్ ఆగిపోవాలి. మైనం ఎన్నడూ సింకులో పోయరు, గడ్డకడితే పైపు విప్పాల్సిందే. పాత పేపర్లు పరిచి చేస్తారు, గిన్నె వేడిగా ఉండగానే కాగితంతో తుడిచేస్తారు.

3. మైనం కరిగించండి, తొందరపడకండి

మైనం కొనేది ఆగస్టులో. ఇక్కడ తేనె తీసేది జూలై చివర, ఆగస్టులో. తేనె వడకట్టాక తేనెపట్టు గదుల మీది మైనపు మూతలు మిగులుతాయి, పెంపకందారులు వాటిని కరిగించి గడ్డలుగా అమ్ముతారు. ఆగస్టు 1 లామస్ వీళ్లకు తొలి పంట రొట్టె పండగ. ఆ వారమే తేనెటీగలాయన దగ్గరకు పిల్లలతో వెళ్లి ఏడాది సరుకు తెచ్చేసుకుంటారు. పండగా, కొనుగోలూ ఒకే ప్రయాణంలో అయిపోతాయి.

ఇక పని. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి, అందులో మైనం ఉన్న స్టీలు గిన్నె పెట్టండి. నేరుగా మంట మీద పెట్టకండి. ఇనుము, రాగి గిన్నెలు వద్దు, రంగు పాడవుతుంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 85 దాటితే బంగారు రంగు పోయి గోధుమరంగులోకి దిగుతుంది, వాసనా తగ్గుతుంది. కాబట్టి థర్మామీటర్ తప్పనిసరి. కరిగాక పలచటి గుడ్డలో వడకట్టి, 75 డిగ్రీల దగ్గర అచ్చులో పోయాలి. అచ్చు కాస్త గోరువెచ్చగా ఉంటే మంచిది. వత్తి నిటారుగా ఉండేలా పైన పుల్లకు కట్టాలి. చల్లారేటప్పుడు మైనం కుంచించుకుపోయి వత్తి చుట్టూ గుంట పడుతుంది, దాన్ని ఇంకొంచెం మైనంతో నింపాలి.

తర్వాత తెల్లారేవరకు వదిలేయాలి. నేను మొదటి నెలలో ఓపిక పట్టలేక పన్నెండు అచ్చులు ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున్న తీస్తే పన్నెండింటికీ నిలువునా పగుళ్లు. ఆవిడ ఏమీ అనలేదు. ఒక డబ్బా మీద ‘ఇంటికి’ అని రాసి అందులో వేసింది. ఆ డబ్బా నాకంటే ముందు నుంచీ ఉందని తర్వాత తెలిసింది. వంకరవి, పగిలినవి, వత్తి పక్కకు పోయినవి అన్నీ అందులోకే.

ప్రతి కొత్త కొలత అచ్చుకూ ఒకటి వెలిగించి చూడండి. వత్తిని ఆరు మిల్లీమీటర్లకు కత్తిరించి, పక్కనే ఉండి, నాలుగు గంటలు. వత్తి సన్నమైతే మధ్యలో గొయ్యి పడి ఆరిపోతుంది, లావైతే పొగ. ఇంకో సంగతి, కొన్ని వారాలకు తేనెమైనం మీద తెల్లటి బూజులాంటి పొర వస్తుంది. అది బూజు కాదు, మైనం సహజ గుణమే. మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. కార్డు మీద ఈ ఒక్క మాట అచ్చు వేయించాక డబ్బు వాపసు అడిగేవాళ్లు బాగా తగ్గారు.

మంట అంటుకుంటే నీళ్లు మాత్రం పోయకండి, మరుగుతున్న నూనె మీద పోసినట్టే భగ్గుమంటుంది. స్టవ్ కట్టేసి మూత పెట్టండి. ఆ మూత ఎప్పుడూ చేతికందేచోటే ఉండాలి.

4. పిల్లలకు చల్లటి పని ఇవ్వండి

కరిగిన మైనం దగ్గరికి పిల్లలు రాకూడదు. వాళ్లకు తేనెగూడు అచ్చు పడిన పలచటి మైనపు రేకులున్నాయి. గది వెచ్చగా ఉంటే రేకు చాపలా మెత్తబడుతుంది, అంచున వత్తి పెట్టి చుట్టేయడమే. చిన్నవాడు ఆదివారం మధ్యాహ్నం ఆరు చుడతాడు, ఏడోదానికి బోర్ కొడుతుంది, వదిలేస్తారు. పెద్దమ్మాయి తూకం వేసి పుస్తకంలో రాస్తుంది. రేకు కొవ్వొత్తుల డబ్బులో కొంత పిల్లల డబ్బాలో పడుతుంది. ‘ఊరికే సాయం’ అని సరిపెట్టరు, అది నాకు నచ్చింది. మా ఇంట్లో అమ్మ అప్పడాలు ఒత్తే రోజుల్లో మాకు దక్కింది పచ్చి పిండి ఉండలు మాత్రమే.

బడిలో ‘మీ అమ్మ మంత్రగత్తె అట కదా’ అనే మాట వచ్చింది ఒకసారి. ఆవిడ గొడవకు పోలేదు. టీచర్‌తో మాట్లాడి, ఫిబ్రవరిలో ఒక బుట్టెడు మైనపు రేకులతో క్లాసుకెళ్లి పిల్లలందరితో కొవ్వొత్తులు చుట్టించింది.

5. పూజకు వేరు, బేరానికి వేరు

ప్రతి విడతలో మొదటి కొవ్వొత్తి, అదీ బాగా వచ్చినదే, పీఠానికి పోతుంది. లెక్కలో రాయరు. నైవేద్యం పెట్టకముందు రుచి చూడని ఇళ్లలో పెరిగిన మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అమ్మేవాటికి మాత్రం ఏ మంత్రమూ వేయదు. ‘ఇది వెలిగిస్తే ఉద్యోగం వస్తుంది’ లాంటి మాట లేబుల్ మీద ఉండదు. కొన్నవాళ్లు ఇంటికెళ్లి వాళ్ల సంకల్పం వాళ్లు చెప్పుకుంటారు. ఇది భక్తి ఒక్కటే కాదు, తెలివి కూడా. బ్రిటన్‌లో 1735 నాటి మంత్రవిద్యల చట్టాన్ని 1951లోనే ఎత్తేశారు, ఇప్పుడు పేగన్‌గా ఉండటానికి అడ్డేమీ లేదు. కానీ ఆన్‌లైన్ బజార్లు వేరు. ఈబే 2012లో, ఎట్సీ 2015లో మంత్రాలు, ఫలితాల హామీలు అమ్మడాన్ని గట్టిగా కట్టడి చేశాయి. చేతికిచ్చే వస్తువు ఏముందో, దాని బరువెంతో, ఎన్ని గంటలు వెలుగుతుందో రాసుకుంటే ఏ చిక్కూ లేదు.

6. ధర లెక్క కట్టండి, మొహమాటపడకండి

ఎనిమిది అంగుళాల కొవ్వొత్తి ఒకటి దాదాపు 70 గ్రాములు. కిలో మైనం 15 పౌండ్లు అనుకుందాం, వృథాతో కలిపి ఒక్కోదానికి 1.10. వత్తి, కాగితం పెట్టె 60 పెన్నీలు. గంటకు పది తయారవుతాయి, గంట కూలి 13 పౌండ్లు వేసుకుంటే 1.30. మొత్తం మూడు పౌండ్లు. గ్యాసు, ఇన్సూరెన్స్, సంత అద్దె, పాడయ్యేవాటి కోసం ఇంకో పౌండు. నాలుగు పౌండ్లకు తక్కువ అమ్మితే జేబులోంచి పోసినట్టే. ఆవిడ మొదట్లో రెండున్నరకు అమ్మింది, కూలి వేసుకోవాలని తోచక. ఇంటి ఆడవాళ్ల వ్యాపారాలన్నీ మొదట ఇక్కడే బోల్తా పడతాయి.

7. కాగితాలు ముందే చూసుకోండి

ఇల్లలకగానే పండగ కాదు. బ్రిటన్‌లో ఉండేవాళ్ల కోసం ముఖ్యమైనవి చెబుతాను. ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 వరకు అమ్మకాలు 1,000 పౌండ్లు దాటితే పన్నుల శాఖలో నమోదు కావాలి, గడువు అక్టోబర్ 5. అది సరిగ్గా సావిన్ హడావిడిలో పడుతుంది, అందుకే గోడ మీద దానికీ ఒక గీత ఉంది. మామూలు ఇంటి ఇన్సూరెన్స్ వ్యాపారానికి వర్తించకపోవచ్చు, అడిగి విడిగా తీసుకోండి. అద్దె ఇల్లయితే ఓనర్‌కు చెప్పండి. సువాసన నూనెలు కలిపితే లేబుల్ మీద హెచ్చరికలు రాయాల్సి రావచ్చు. ఆవిడ ఏమీ కలపకపోవడానికి సగం కారణం అదే. స్టూడెంట్ వీసా మీద ఉన్న మన పిల్లలు సొంత వ్యాపారం పెట్టకూడదు, సరదాకి మొదలుపెట్టి ఇరుక్కోవద్దు.

8. పండగ రోజు తలుపు మూయండి

నిరుడు సావిన్‌కు మమ్మల్నీ పిలిచారు. పోయినవాళ్లను తలుచుకునే రాత్రి అది, మన పెత్రమావాస్య లాంటిది. బల్ల మీద ఒక కంచం ఎక్కువ పెడతారు. గుమ్మడికాయ సూపు, రొట్టె, యాపిల్స్. మధ్యలో నా పన్నెండు పగుళ్ల కొవ్వొత్తుల్లో నాలుగు వెలుగుతున్నాయి.

రొట్టె కోస్తుండగా అల్మారాలోంచి ‘టింగ్’మని వినిపించింది. ఆర్డర్. ఆయన ఆవిడ వంక చూశాడు. ఆవిడ లేచి వెళ్లి, ఫోన్ తీసి, రొట్టెల డబ్బాలో పడేసి మూత పెట్టి వచ్చింది.

చిన్నవాడికి ఇవేమీ పట్టలేదు. ఖాళీ కంచం పక్కన టీ కప్పు పెట్టి, అమ్మమ్మ చక్కెర ఎన్ని చెంచాలు వేసుకునేదని అడుగుతున్నాడు.