విదేశాలకు వెళ్లి వచ్చిన హెయిర్ డ్రయ్యర్ ఎందుకు కాలిపోతుంది?

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లోని మా రిపేరు బల్ల మీదకు సంక్రాంతి వారంలో డ్రయ్యర్లు వరుస కడతాయి. సెలవులకు ఇల్లు చేరిన పిల్లల సామాన్లు అవి. ఆగస్టులో చదువులకు వెళ్లబోయేవాళ్లు సందేహాలతో వస్తారు. అందరినీ నేను ముందుగా అడిగేది ఒక్కటే: పిడి మీద ఏమని రాసి ఉంది? చూడలేదంటారు. "అడాప్టర్ పెట్టాం కదండీ" అని ధీమాగా చెబుతారు. అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుంది, అంతే. వోల్టేజి జోలికి పోదు.

మనకు 230 వోల్టులు. బ్రిటన్, సింగపూర్, దుబాయ్, ఆస్ట్రేలియా, యూరప్ దేశాల్లోనూ ఇంచుమించు అంతే కాబట్టి అక్కడ ప్లగ్గు కుదిరితే చాలు. అమెరికా, కెనడాల్లో 120, జపాన్‌లో 100. చిక్కులన్నీ ఇలాంటి దేశాల దగ్గరే మొదలవుతాయి.

అమెరికాలో పెడితే గాలి నీరసంగా, గోరువెచ్చగా వస్తోంది

ఇక్కడ కొన్న డ్రయ్యర్ అయితే అంతకన్నా ఎక్కువ ఆశించకండి. వోల్టేజి సగమైతే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. ఇక్కడ 1200 వాట్లు ఇచ్చేది అక్కడ 325 వాట్ల దగ్గర ఆగుతుంది. వస్తువు పాడవలేదు, ఆకలితో ఉంది. దానికోసం వోల్టేజి పెంచే ట్రాన్స్‌ఫార్మర్ మోసుకెళ్తామంటారు కొందరు. 1200 వాట్లకు సరిపోయేది ఆవకాయ డబ్బా కన్నా బరువు. ఆ బరువులో ఆవకాయే తీసుకెళ్లి, డ్రయ్యర్ అక్కడ కొనుక్కోండి.

అక్కడ ఏడాది బాగా పనిచేసింది, ఇంట్లో పెట్టగానే ఈల వేసి, వాసన వచ్చి ఆగిపోయింది

అక్కడ కొన్నదానిపై 120 వోల్టులని మాత్రమే ఉంటే చెప్పడానికేమీ లేదు. 1875 వాట్ల అమెరికా డ్రయ్యర్‌ను మన సాకెట్టుకు తగిలిస్తే దాదాపు 6900 వాట్లు లాగబోతుంది. వేడి పుట్టించే తీగచుట్ట, అంటే కాయిల్, ఎర్రబడి తెగుతుంది.

కానీ నన్ను కూడా దెబ్బతీసిన రకం వేరే ఉంది. పెట్టె మీద రెండు వోల్టేజిలకూ పనికొస్తుందని రాసి ఉంటుంది. అది అబద్ధం కాదు. ఒకసారి ఎంవీపీ కాలనీ నుంచి ఒకావిడ కూతురి డ్రయ్యర్ తెచ్చారు. భోగినాడు తలంటు పోసుకున్న అమ్మాయి జుట్టు ఆరబెట్టుకోబోతే బుస్సుమని ఆగిపోయిందట. విప్పి చూస్తే వేడి మీరినప్పుడు తెగే థర్మల్ ఫ్యూజు పోయింది. కొత్తది వేశాను, నా బల్ల మీదే ప్లగ్గు పెట్టాను. మోటారు కీచుమంది, లోపల ఎర్రటి వెలుగు, ఈసారి ఏకంగా కాయిలే తెగింది. ఆవిడ ఎదురుగానే. కొత్త డ్రయ్యర్ నా డబ్బుతో కొనిచ్చాను.

పిడి వెనక, గోరంత గాడి ఉన్న గుండ్రటి స్విచ్చు ఒకటి ఉంది. దాని బాణం గుర్తు 125 మీద ఉంది. అమ్మాయి అమెరికాలో అలా తిప్పుకుంది, తిరిగి వచ్చాక మరిచిపోయింది. నేను అటు చూడనే లేదు.

ఇలాంటివాటిలో నేను విప్పినవి ఎక్కువగా రెండు కాయిల్ ముక్కలతో ఉన్నాయి. 250 దగ్గర ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి కలిసి వోల్టేజిని పంచుకుంటాయి. 125 దగ్గర పక్కపక్కన చేరి, ఒక్కొక్కటీ మొత్తం వోల్టేజిని భరిస్తుంది. ఆ స్థితిలో మన 230 వస్తే మూడు రెట్లకు పైగా వేడి.

అందుకే పిడి మీది అంకెల మధ్య ఏ గీత ఉందో చూడండి. 100-240 అని అడ్డగీత ఉంటే ఆ మధ్యలో ఎంత వచ్చినా తనే సర్దుకుంటుంది. 125/250 అని ఏటవాలు గీత ఉంటే రెండే స్థానాలు, వాటిని మార్చాల్సింది మీరే. ఆ స్విచ్చు ఎక్కడుందో వెతకండి. అక్షరాలు చెరిగిపోయి ఉంటే ఫోను టార్చి పక్కనుంచి వేస్తే కనిపిస్తాయి.

ప్లగ్గు తీశాకే నాణెం అంచుతోనో స్క్రూడ్రైవర్‌తోనో తిప్పండి. టక్కుమని పడేదాకా తిప్పాలి, మధ్యలో వదలకూడదు. తర్వాత తక్కువ వేగంలో పది సెకన్లు నడిపి చూడండి. కీచుమంటే వెంటనే ప్లగ్గు పీకండి. ఇంకో అలవాటు చేసుకోండి: సూట్‌కేసులో పెట్టేటప్పుడు ఎప్పుడూ 250 మీదే ఉంచండి. అమెరికాలో మార్చడం మరిచిపోయినా గాలి నీరసంగా వస్తుంది, అంతకు మించి ఏమీ కాదు. 125 మీద ఉంచి ఇక్కడ మరిచిపోతే మిగిలేది వాసనే.

ఇప్పటికే కాలితే మళ్లీ మళ్లీ పెట్టి చూడకండి. ఫ్యూజు మార్చవచ్చు. దాని చోట ఉత్త తీగ ముడివేసి ఇచ్చే మెకానిక్ దగ్గరికి మాత్రం వెళ్లవద్దు. లోపలి అభ్రకం రేకులు నల్లబడి ఉంటే పారేయడమే.

స్ట్రెయిట్‌నర్ కన్వర్టర్ పెట్టాక చచ్చిపోయింది

వేడి పరికరాల కోసమని అమ్మే, వోల్టేజి మార్చే తేలికపాటి కన్వర్టర్లు విద్యుత్తు తరంగాన్ని మధ్యలో కత్తిరించి పంపుతాయి. మామూలు కాయిల్ సర్దుకుంటుంది. ఉష్ణోగ్రత అంకెలు చూపే ఎలక్ట్రానిక్ బోర్డు సర్దుకోదు. పైగా అలాంటి స్ట్రెయిట్‌నర్లలో చాలావాటిపై 100-240 అని ఉండనే ఉంటుంది, అంటే కన్వర్టరే అక్కర్లేదు. జాగ్రత్త ఎక్కువై చంపారు పాపం.

ప్లగ్గు వేడెక్కుతోంది, నిప్పురవ్వలు వస్తున్నాయి

అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లని ఉందో చదవండి. 6 ఆంపియర్ల అడాప్టర్ 230 వోల్టుల దగ్గర 1380 వాట్లు మోస్తుంది, 120 దగ్గర 720 మాత్రమే. సాకెట్టులో వదులుగా ఊగుతున్నా అదే గతి. మన బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి పిన్నులు పచ్చబడతాయి, మసకబారుతాయి. పొడిగుడ్డతో తుడిచి తీసుకెళ్లండి. ఉప్పుకాగితంతో గీకితే పూత పోతుంది. కాలి నల్లబడి ఉంటే ప్లగ్గే మార్పించండి.

అసలు వెలగడమే లేదు

అమెరికాలో స్నానాల గది సాకెట్టు మీద రీసెట్ బొత్తాం ఉంటుంది, నొక్కండి. అక్కడి డ్రయ్యర్ ప్లగ్గు దిమ్మ మీద కూడా ఒకటి ఉంటుంది. బ్రిటన్ స్నానాల గదిలోది గడ్డం గీసుకునే యంత్రానికి పెట్టిన సాకెట్టు, డ్రయ్యర్‌ను మోయలేదు. పడకగదిలో పెట్టుకోండి. బ్రిటన్ ప్లగ్గులో ఫ్యూజు కూడా ఉంటుంది, అది పోయిందేమో చూడండి. మూడు పలకల పిన్నుల సాకెట్టు పైరంధ్రంలో పెన్ను దూర్చి మన రెండు పిన్నుల ప్లగ్గు తోసే విద్య గల్ఫ్ నుంచి వచ్చిన చాలామందికి తెలుసు. మానేయండి. పిన్ను సరిగా ఆనదు, ఎర్తు ఉండదు. సరైన అడాప్టర్ కొనడానికి ఎంతో ఖర్చు కాదు.

అమెరికా కరెంటు 60 హెర్ట్జ్‌లని, అంటే సెకనుకు 60 సార్లు ఊగుతుందని కంగారు పడకండి, కాయిల్‌కు పట్టింపు లేదు. గ్యాసుతో నడిచే కర్లర్ మాత్రం విమానంలో మనిషికి ఒక్కటే, వేడయ్యే చోట మూత గట్టిగా బిగించి ఉండాలి. దాని గ్యాసు రీఫిల్ గొట్టాలను ఏ సంచిలోనూ పెట్టనివ్వరు.