లోడు బండి పాఠాలు - 4: డీజిలా, పెట్రోలా?

పోయిన పాఠంలో ఆర్సీ తెరిచి ఖాళీ బండి బరువెంతో, సరుకుతో కలిపి ఎంతదాకా పోవచ్చో చూశాం. ఆ రెండు అంకెలు దగ్గర పెట్టుకోండి. రాసుకోనివాళ్లు ముందు ఆ పని చేసి రండి, అవి లేకుంటే ఇవాళ్టి పాఠం నడవదు.

నల్లగొండలో ఎవరినడిగినా ఒకటే మాట: "లోడుకైతే డీజిల్ బండే తీస్కో అన్నా." మాట నిజమే. ఎందుకని అడిగితే మాత్రం చాయ్ తాగుడే తప్ప జవాబు రాదు.

చక్రం నట్టు బిగుసుకుంటే పానాకు పైపు తొడిగి తిప్పుతాం. చెయ్యి అదే, పొడుగు పెరిగేసరికి నట్టు కదుల్తుంది. ఆ తిప్పుడు బలమే టార్క్. డీజిల్‌కు అది తొందరగా ఎందుకొస్తుందో చూద్దాం. డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గుండదు. సిలిండర్లో గాలిని పదహారు, పద్దెనిమిదో వంతుకు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. పెట్రోలును అంత నొక్కితే వేళ కాకముందే అంటుకొని ఇంజను టకటక కొట్టుకుంటుంది, అందుకే అది పది, పదకొండు దగ్గర ఆగుతుంది. డీజిల్ బండికి టర్బో (ఇంజన్లోకి గాలిని ఇంకా ఒత్తి నింపే పంకా) కూడా తోడై, నిమిషానికి 1,500-2,000 చుట్లలోనే పూర్తి లాగుడు వస్తుంది. మామూలు పెట్రోలు బండికి అంతకు రెట్టింపు చుట్లు కావాలి.

స్లాబు మిల్లర్ తగిలించుకొని ఎత్తు మీద ఆగిన బండిని కదిలించి చూడండి, తేడా కాలికే తెలుస్తుంది. పెట్రోలు బండైతే యాక్సిలరేటర్ తొక్కి, క్లచ్చు సగం వదిలి పట్టాలి. రోజూ అట్లా చేస్తే క్లచ్చు ప్లేటు కాలిన వాసన వస్తుంది.

ఎక్కుడు సంగతి అయింది. దిగుడు గురించి ఎవరూ చెప్పరు, నాకూ చెప్పలేదు. ఒకసారి మిర్యాలగూడ బియ్యం బస్తాలతో శ్రీశైలం పోతూ, ఈగలపెంట దాటినంక డ్యాం వైపు దిగే మలుపుల్లో, డీజిల్ ఇంజను పట్టి ఆపుతుందని నాలుగో గేరులోనే వదిలాను. సగం దిగేసరికి బ్రేకులు వాసన కొట్టాయి, పెడల్ మెత్తబడింది. పక్కకు ఆపి గంట కూర్చున్నాను, కోతులు చూస్తుంటే.

కారణం తర్వాత తెలిసింది. పెట్రోలు బండికి కాలు తీయగానే గాలి దారి మూసుకుంటుంది. పిస్టన్లు గాలి అందక గుంజుకుంటూ బండిని పట్టి ఉంచుతాయి. డీజిల్‌కు గాలి దారి సాధారణంగా తెరిచే ఉంటుంది. నొక్కిన గాలి మళ్లీ వ్యాకోచించి పిస్టన్‌ను తోస్తుంది, పట్టు తక్కువ. అమెరికాలో ట్రైలర్లు లాగే పెద్ద డీజిల్ పికప్‌లకు ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ పోయే దారిని మూసి ఇంజనుతోనే బండిని పట్టే బ్రేకు) పెట్టేది ఇందుకే. మన చిన్న బండ్లకు ఆ ఏర్పాటు సాధారణంగా ఉండదు కాబట్టి ఏ గేరులో ఎక్కుతారో అదే గేరులో, లేదంటే ఇంకా ఒకటి తగ్గించి దిగండి.

ఇక పైసల లెక్క. పెట్రోలు 107, డీజిల్ 96 రూపాయలు అనుకుందాం. పెట్రోలు బండి లీటరుకు 15, డీజిల్ బండి 18 కిలోమీటర్లు ఇస్తే, కిలోమీటరుకు 7.13, 5.33 పడుతుంది. మిగిలేది 1.80. డీజిల్ సర్వీసు ఖర్చుకు 30 పైసలు తీసేస్తే రూపాయిన్నర. డీజిల్ బండికి లక్ష ఎక్కువ పెట్టారనుకుంటే అది తిరిగి రావడానికి సుమారు 66,700 కిలోమీటర్లు తిరగాలి. బత్తాయిలు వేసుకొని బాటసింగారం పండ్ల మార్కెట్‌కు తిరుగుతూ నెలకు 2,000 పోయే వాళ్లకు మూడేళ్ల లోపే. ఊళ్లో కూరగాయలు దించుతూ నెలకు 600 తిరిగే వాళ్లకు తొమ్మిదేళ్లు దాటుతుంది.

ఊళ్లో తిరిగే వాళ్లకు ఇంకో తలనొప్పి కూడా ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బండ్ల పొగకు హద్దు పెట్టే బీఎస్-6 నిబంధన వచ్చింది. దానితో డీజిల్ బండ్లకు మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, వచ్చింది. అందులో చేరిన మసి కాలాలంటే ఇంజను బాగా వేడెక్కి కొంతసేపు ఆగకుండా నడవాలి. రెండు కిలోమీటర్లకోసారి ఆపే బండిలో అది మూసుకుంటుంది, డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. అటువంటి పనికి నేనైతే పెట్రోలు బండే తీసుకుంటాను, ఎవరు నవ్వినా సరే.

అభ్యాసం: వారం రోజులు మీటరు చూసి కిలోమీటర్లు రాయండి. ఎన్నిసార్లు ఆపారో, మీ దారిలో అన్నిటికన్నా నిటారు ఎత్తు ఎక్కడో, అక్కడ ఎంత లోడుంటుందో పక్కనే రాయండి. నా లెక్కలో మీ అంకెలు పెట్టి ఎన్ని నెలలు వస్తాయో చూడండి. వచ్చే పాఠంలో ఆ కాగితంతోనే పాత బండి బేరానికి పోదాం.