ఆట ఎవరి ఇంట్లో నడుస్తోంది? కో-ఆప్ (కలిసి ఆడే) గేమ్స్ తంటాలు, వాటికి మందులు

ఆదివారం పొద్దున ఏడున్నరకి నలుగురం ఆటకి కూర్చుంటాం. నేను హైదరాబాద్‌లో, ఒకడు కాకినాడలో, ఒకడు బెంగళూరులో, ఒకడు డాలస్‌లో. డాలస్ వాడికి అది శనివారం రాత్రి తొమ్మిది. మొదటి ఏడాది మేం ఆడింది తక్కువ, "వినపడుతోందా?" అని అడుక్కున్నది ఎక్కువ. ఏ తేడా వచ్చినా నలుగురి నోటా ఒకటే మాట: "నెట్ బాలేదురా." అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే అది. సగం సార్లు నెట్ పాపం ఏమీ చేయలేదు.

ఇప్పుడు ముందుగా అడుక్కునే ప్రశ్న వేరు. ఆట ఎవరి ఇంట్లో నడుస్తోంది? వందమంది కొట్టుకునే ఆటలు కంపెనీ సర్వర్లలో నడుస్తాయి. స్నేహితులు కలిసి ఆడుకునే స్టార్‌డ్యూ వ్యాలీ, వాల్‌హైమ్, డీప్ రాక్ గెలాక్టిక్ లాంటివి చాలావరకు మనలో ఒకడి కంప్యూటర్‌లోనే నడుస్తాయి. వాడు హోస్ట్, మిగతావాళ్లం వాడింటికి వచ్చిన చుట్టాలం. ఇది బుర్రలో పెట్టుకుంటే కింద చెప్పేవాటిలో చాలా వాటికి కారణం మీకే తడుతుంది.

"ఇద్దరం కొన్నాం, అయినా కలవట్లేదు"

ముందు ఒకే ఆట కొన్నారో లేదో చూడండి. మైన్‌క్రాఫ్ట్ పేరుతో రెండు ఆటలున్నాయి. జావా ఎడిషన్ కంప్యూటర్లకి మాత్రమే. బెడ్‌రాక్ ఫోన్లలో, కన్సోళ్లలో, విండోస్‌లో ఆడుతుంది. వీళ్ల లోకంలోకి వాళ్లు రాలేరు. కంప్యూటర్ ఉన్నవాడు బెడ్‌రాక్ తెరిస్తే ఫోన్ ఉన్నవాడు చేరొచ్చు, అంతే. స్టార్‌డ్యూలో కంప్యూటర్ వాళ్లు ఆటలమ్మే ఆన్‌లైన్ షాపుల్లో స్టీమ్‌లో కొన్నా గాగ్‌లో (GOG) కొన్నా కలుస్తారు కానీ, కంప్యూటర్ వాడికీ ప్లేస్టేషన్ వాడికీ కుదరదు.

ఇద్దరు ఆడే ఇట్ టేక్స్ టూ (2021) దగ్గర డబ్బు వృథా చేసుకున్నవాళ్లు చాలామంది. హేజ్‌లైట్ స్టూడియో వాళ్ల ఈ ఆటకి ఒకరు కొంటే చాలు, రెండోవాళ్లు ఫ్రెండ్స్ పాస్ అని ఉచితంగా దించుకుని చేరొచ్చు. కాకపోతే ఇద్దరిదీ ఒకే రకం మెషీన్ కావాలి. అదే స్టూడియో 2025లో తెచ్చిన స్ప్లిట్ ఫిక్షన్‌కి ఆ బెడద లేదు, ఒకరు కంప్యూటర్‌లో, ఇంకొకరు ప్లేస్టేషన్‌లో ఉన్నా పాస్ పనిచేస్తుంది. సేల్ పడగానే కొనేసి తర్వాత ఫోన్ చేయడం కాదు, ఫోన్ చేసి తర్వాత కొనండి.

ఒకే ఆట, ఒకే మెషీన్, అయినా రానివ్వట్లేదంటే వెర్షన్ తేడా. ఒకరిది అప్‌డేట్ అయింది, ఇంకొకరిది కాలేదు. మాడ్స్ (ఆటని మార్చే అదనపు చేర్పులు) పెట్టుకున్నవాళ్లైతే అందరి దగ్గరా అవే మాడ్స్, అవే వెర్షన్లు ఉండాలి.

"మనిషి ఇక్కడున్నాడు, చూస్తే అక్కడున్నాడు"

పాత్రలు గెంతులేయడం, కొట్టిన దెబ్బ రెండు సెకన్లకి తగలడం. దీనికి కారణాలు నాలుగైదు, కాబట్టి "నీకు ఎగురుతోందా? నీకూ?" అని అందర్నీ అడగండి. ఒక్కడికే ఎగురుతుంటే జబ్బు వాడింట్లో ఉంది. హోస్ట్‌కి తప్ప అందరికీ ఎగురుతుంటే జబ్బు హోస్ట్ ఇంటి అప్‌లోడ్‌లో ఉంది. హోస్ట్‌కీ ఎగురుతుంటే నెట్ వదిలేయండి, వాడి కంప్యూటర్‌కి ఆట బరువైంది. బ్రౌజర్‌లో తెరిచిన ముప్పై ట్యాబులు ముయ్యమనండి, గ్రాఫిక్స్ తగ్గించమనండి.

రెండో రకం మాకు నెల రోజులు అంతుపట్టలేదు. కాకినాడ వాడు వాల్‌హైమ్ హోస్ట్. ఏడున్నర నుంచి ఎనిమిది దాకా వెన్నలా నడిచేది, ఎనిమిది దాటగానే అందరం గాల్లో తేలేవాళ్లం. చివరికి తేలిందేమిటంటే, వాళ్ల నాన్నగారు వాకింగ్ నుంచి వచ్చేది ఎనిమిదింటికి. వై-ఫై అందగానే ఆయన ఫోన్ పెళ్లి వీడియోలన్నీ క్లౌడ్‌కి ఎక్కించడం మొదలుపెట్టేది. పెద్ద ఫైలు అప్‌లోడ్ అవుతుంటే రౌటర్ దగ్గర క్యూ పేరుకుంటుంది. ఆట పంపే సమాచారం చిన్నదే, కానీ టోల్‌గేట్ దగ్గర లారీల వెనక ఇరుక్కున్న బైక్‌లా అదీ ఆగాల్సిందే. "మాది వంద ఎంబీపీఎస్ ప్లాను" అంటే లాభం లేదు, అది రోడ్డు వెడల్పు. ఇక్కడ బాధ క్యూ పొడవుతో.

మీది ఏ రకమో తేల్చుకోవాలంటే ఆడుతూనే రెండు పింగ్‌లు (సమాచారం వెళ్లి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతుందో కొలిచే కమాండ్) నడపండి, ఒకటి మీ రౌటర్‌కి (చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1), ఇంకొకటి బయటున్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి. రౌటర్ పింగే రెండు నుంచి రెండొందలకి ఎగురుతుంటే తప్పు వై-ఫైది. పక్క ఫ్లాట్ల వాళ్లందరూ 2.4 గిగాహెర్ట్జ్ మీదే ఉంటారు, మీరు 5కి మారండి, లేదా పది మీటర్ల కేబుల్ కొని గోడ వెంట లాగండి. రౌటర్ పింగ్ కదలకుండా ఉండి రెండోది పెరుగుతుంటే లైన్‌లో క్యూ పేరుకుందన్నమాట. బ్యాకప్ ఆపాలి. రౌటర్‌లో అప్‌లోడ్‌కి హద్దు పెట్టే వీలుంటే అసలు వేగంలో 85 శాతం దగ్గర పెట్టండి, క్యూ రౌటర్ అదుపులోనే ఉంటుంది. అంకుల్‌తో ఆ మాట చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేక, మేం హోస్ట్‌ని మార్చుకున్నాం.

వాల్‌హైమ్‌లో ఇంకో మెలిక ఉంది. అక్కడ హోస్ట్ ఎవరైనా సరే, ఒక చోటికి ముందు ఎవరు చేరితే అక్కడి రాక్షసుల్ని వాళ్ల కంప్యూటరే నడుపుతుంది. డాలస్ వాడికి ముందు పరిగెత్తడం అలవాటు. వాడు గుహలోకి దూరాక మేం వెళితే, మా కళ్లముందున్న అస్థిపంజరం అమెరికా నుంచి నడుస్తున్నట్టు లెక్క. సర్వర్ అద్దెకి తీసుకున్నా ఇది మారదు. నెట్ బాగున్నవాడు ముందు, దూరంగా ఉన్నవాడు చివర, ఇదొక్కటే మందు. వాడు ఇప్పటికీ వినడు.

"అమెరికాలో ఉన్నవాడికి ఎప్పుడూ ల్యాగ్ (ఆలస్యం)"

దీనికి పూర్తి మందు లేదు. హైదరాబాద్ నుంచి డాలస్ సుమారు 14 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. తిన్నగా తీగ లాగినా వెళ్లి రావడానికి 140 మిల్లీసెకన్లు పడుతుంది. సముద్రం కింద కేబుళ్లు తిన్నగా ఉండవు కాబట్టి మాకు 250 పైనే వస్తుంది. ఖరీదైన రౌటర్ కొన్నా ఆ 14 వేలు తగ్గవు.

మార్చుకోగలిగింది ఆటని. స్టార్‌డ్యూలో మొక్కకి నీళ్లు పావు సెకను ఆలస్యంగా పడితే ఎండిపోదు. డీప్ రాక్ తక్కువ హజార్డ్‌లో (కష్టం స్థాయిలో) సుఖంగా నడుస్తుంది. హడావిడిగా కలిసి వంట చేసే ఓవర్‌కుక్డ్ మాత్రం నడవదు, ఒకే ఉల్లిపాయని ఇద్దరు పట్టుకుంటే ఎవరి చేతిలో ఉందో తేలేసరికి పొయ్యి అంటుకుంటుంది. ముగ్గురు ఇండియాలో, ఒకడు అక్కడ ఉంటే హోస్ట్ ఇండియాలోనే ఉండాలి. అక్కడివాడు హోస్ట్ అయితే ఒకడికి ఉన్న బాధ ముగ్గురికీ అంటుతుంది.

"సర్వర్ పెట్టాను, పోర్ట్ తెరిచాను, ఒక్కడూ రాలేకపోతున్నాడు"

ఇంట్లో మైన్‌క్రాఫ్ట్ జావా సర్వర్ పెట్టినవాళ్లందరికీ తెలిసిన ఏడుపు. వీడియోలో చెప్పినట్టే పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి కనెక్షన్‌ని రౌటర్ లోపలి కంప్యూటర్‌కి పంపే ఏర్పాటు) చేశారు, ఫైర్‌వాల్‌లో అనుమతిచ్చారు, ఫలితం సున్నా. రౌటర్ పేజీలో వాన్ ఐపీ (రౌటర్‌కి బయటివైపు ఇచ్చిన చిరునామా నంబరు) చూడండి. అది 100.64కీ 100.127కీ మధ్య మొదలైనా, నా ఐపీ ఏంటి అని వెతికితే వచ్చే నంబరుతో కలవకపోయినా మీరు సీజీనాట్ (CGNAT) అనే ఏర్పాటు వెనక ఉన్నారు. మన దగ్గర ఇళ్లకిచ్చే కనెక్షన్లలో ఇది మామూలే. పబ్లిక్ ఐపీలు సరిపోక ఒకే నంబరుని చాలా ఇళ్లకి పంచుతారు. అపార్ట్‌మెంట్ అడ్రస్ రాసి ఫ్లాట్ నంబరు రాయని ఉత్తరంలా మీ స్నేహితుడి కనెక్షన్ వాచ్‌మన్ దగ్గరే ఆగిపోతుంది. మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా అది మీ గుమ్మం మాత్రమే, గేటు మీ చేతిలో లేదు.

చేయాల్సింది: ప్రొవైడర్‌ని స్టాటిక్ ఐపీ (మీకే చెందిన, మారని పబ్లిక్ ఐపీ) అడగండి, నెలకి అదనంగా తీసుకుంటారు. డబ్బు వద్దనుకుంటే టెయిల్‌స్కేల్ లేదా జీరోటయర్ అనే సాఫ్ట్‌వేర్ అందరూ వేసుకోండి. నాలుగు కంప్యూటర్లూ ఒకే ఇంట్లో ఉన్నట్టు ఒకదానికొకటి కనపడతాయి. మేం చేసింది ఇదే, పావుగంట పని. స్టీమ్‌లో ఇన్వైట్ పంపి ఆడే ఆటలకి ఇదేమీ అక్కర్లేదు, దారి అదే చూసుకుంటుంది.

"మైక్ ఆన్ చేయగానే ఆట శబ్దం పాత రేడియోలా"

బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్. మామూలు బ్లూటూత్ పాట వినిపించేటప్పుడు ఒక పద్ధతిలో, మైక్ కూడా వాడేటప్పుడు ఫోన్ కాల్ పద్ధతిలో పనిచేస్తుంది. రెండోదాంట్లో నాణ్యత పడిపోతుంది. ఇయర్‌ఫోన్స్ పాడవలేదు, పారేయకండి. సెట్టింగ్స్‌లో వినడానికి ఇయర్‌ఫోన్స్, మాట్లాడటానికి ల్యాప్‌టాప్ మైక్ ఎంచుకోండి. రెండొందల రూపాయల వైరు ఇయర్‌ఫోన్స్ ఇంకా మేలు.

"ఒక స్టిక్ కదిపితే ఇద్దరూ కదులుతున్నారు"

స్టీమ్‌లో రిమోట్ ప్లే టుగెదర్ 2019 నుంచి ఉంది. ఒకే గదిలో ఆడే ఆటని ఒకరు కొంటే, దూరంగా ఉన్నవాళ్లు కొనకుండానే చేరొచ్చు. హోస్ట్ తెర వీడియోగా వెళుతుంది, వాళ్ల బటన్లు వెనక్కి వస్తాయి. అందుకే దీనికి హోస్ట్ అప్‌లోడ్ ప్రాణం. మసకగా వస్తే వీడియో రిజల్యూషన్ 720కి దించండి. ఒకే కంట్రోలర్‌కి ఇద్దరూ కదులుతున్నారంటే దాన్ని ఆట ఒకసారి, స్టీమ్ ఇన్‌పుట్ (కంట్రోలర్లని చూసుకునే స్టీమ్ సదుపాయం) ఇంకోసారి చదువుతున్నాయి. ఆ ఆట ప్రాపర్టీస్‌లో స్టీమ్ ఇన్‌పుట్ ఆపేయండి.

"ఓవర్‌కుక్డ్ మొదలుపెట్టాం, ఇంట్లో మాటల్లేవు"

సరదాగా చెప్పట్లేదు. మా చెల్లీ బావగారూ ఓవర్‌కుక్డ్ 2 వల్ల ఒక పూట మాట్లాడుకోలేదు. బయటికి కనిపించే లక్షణం అరుపులు. అసలు కారణం చాలాసార్లు ప్లేట్లు. వడ్డించిన ప్లేటు ఎంగిలిగా తిరిగొస్తుంది, ఎవరూ కడగరు, వంట సిద్ధంగా ఉన్నా పెట్టడానికి ప్లేటుండదు. ఒక్కో వంటకం ఒక్కొక్కరు మొదలు నుంచి చివరిదాకా చేస్తే అందరూ అందరికీ అడ్డొస్తారు. పెళ్లి వంటశాలలో తరిగేవాడు తరుగుతాడు, పొయ్యి దగ్గరవాడు పొయ్యి వదలడు. అలా పంచుకోండి, గిన్నెలవాడిని ముందే ఎంచుకోండి, రెండు ఆటలకోసారి మార్చుకోండి. అయినా కుదరకపోతే ఆల్ యూ కెన్ ఈట్ కూర్పులో అసిస్ట్ మోడ్ ఉంది, సమయం పెరుగుతుంది, ఆర్డర్లు గడువు తీరిపోవు.

ఎప్పుడూ జాయ్‌స్టిక్ పట్టనివాళ్లకి రెండు స్టిక్కుల ఆట ఇస్తే తప్పు వాళ్లది కాదు. ఒకటి నడవడానికి, ఒకటి చూడటానికి అంటే చేయి అలవాటు పడటానికి వారాలు పడుతుంది. ఇట్ టేక్స్ టూలో మా బావగారు మొదటి గంటంతా పైకప్పుకేసే చూశారు. కెమెరా వేగం సగానికి తగ్గించాక నేల కనపడింది. ఆయనకి నిజంగా నచ్చింది మాత్రం కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్. ఒకరి తెర మీద బాంబు, మిగతావాళ్ల చేతిలో 23 పేజీల మాన్యువల్. బాంబు ఉన్నవాడు మాన్యువల్ చూడకూడదు, మాన్యువల్ ఉన్నవాళ్లు బాంబు చూడకూడదు. ఆట ఒక్కరి దగ్గరుంటే చాలు, మాన్యువల్ ఉచితం, మామూలు ఫోన్ కాల్‌లో ఆడొచ్చు. మూడు తీగలుండి ఎర్రది లేకపోతే రెండోది కత్తిరించాలి. రిటైరైన హెడ్‌మాస్టర్ కదా, ఆయన ఆ ముక్క చదివి వినిపించే తీరుకి మాకు చెమటలు పట్టేవి.

"నవంబర్ రాగానే ఒకడు గంట ఆలస్యం"

వాడు ఆలస్యం కాదు. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి పోతుంది, మన గడియారం కదలదు. డాలస్‌తో పదిన్నర గంటల తేడా పదకొండున్నర అవుతుంది. మార్చి రెండో ఆదివారం మళ్లీ మామూలే. చలికాలం మా ఆట ఎనిమిదిన్నరకి.

"హోస్ట్ ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేశాడు"

దీని తర్వాత మందు లేదు, ముందే ఉంది. స్టార్‌డ్యూలో నలుగురి పాత్రలూ హోస్ట్ సేవ్‌లోనే ఉంటాయి, అది పోతే అందరి కష్టమూ పోయినట్టే. వాల్‌హైమ్‌లో మీ మనిషి మీ దగ్గర, లోకం హోస్ట్ దగ్గర. లోకం పోయినా చేతిలో ఉన్న కత్తి మిగులుతుంది, ఆర్నెల్లు కట్టిన కోట మిగలదు. బెంగళూరు వాడి ల్యాప్‌టాప్‌తో పాటు మా రెండేళ్ల తోట పోయాక, నెలకోసారి సేవ్ ఫోల్డర్ కాపీ చేసి గ్రూప్‌లో పెడుతున్నాం. నా దగ్గరుంది, కాకినాడలో ఉంది, బెంగళూరులో ఉంది. డాలస్ వాడు మాత్రం రేపు దించుకుంటానంటున్నాడు.